జులై ఒకటిన పుట్టినవాళ్ళు

హైదరాబాదు,
జులై 6.

అత్తకు,

ఫోనులో అడిగితే "బాగున్నాలే, నువ్వు తిన్నావా" అని రెండు ముక్కల్లో తేల్చేస్తావు. అందుకే మళ్ళీ కాగితం పట్టాను. అమ్మ పోయాక నన్ను మార్కాపురం హాస్టల్లో వేసినప్పుడు, ఆదివారం ఆదివారం నీకు ఉత్తరం రాయకపోతే వార్డెన్ చేత తిట్టించేదానివి గుర్తుందా? నీ నోట్లోంచి రాని నిజాలు నీ కలంలోంచి వస్తాయని నేను అప్పుడే కనిపెట్టాను.

అసలు కబురు విను. మీ వెలిగొండ వైద్య ట్రస్టు పని మా కంపెనీకి వచ్చింది. నేనే కావాలని అడిగి తీసుకున్నాను. మా అత్త దోర్నాల క్లినిక్‌లో ఇరవై నాలుగేళ్ళుగా నర్సు అని మా టీం లీడర్ రాజేష్‌కు గొప్పగా చెప్పాను కూడా.

పని ఏమిటంటావు కదా. ఇప్పుడు మీ దగ్గర ఒక నర్సు కొత్తగా చేరితే హాజరు మిషన్‌లో ఒకరు, మందుల లెక్కలో ఒకరు, రోగుల రికార్డులో ఒకరు, ఇలా ఐదుగురు ఐదు చోట్ల ఆమె పేరు ఎక్కిస్తారు. ఆమె మానేస్తే ఐదు చోట్లా తీసేయాలి. నలుగురు మర్చిపోతారు. మేం చేసేదల్లా, మీ ట్రస్టు మార్కాపురం ఆఫీసులో ఒక్క చోట రాస్తే చాలు, మిగతా చోట్లకు అదే వెళ్ళేలా చెయ్యడం. మన ఊళ్ళో పెళ్ళి పిలుపులకు తిరిగే మనిషి ఏ ఇంటికి పోతే ఆ ఇంటి మర్యాదలో చెప్పి వస్తాడు చూడు, అలా ఒక్కో సిస్టంకు ఒక్కో చిన్న ప్రోగ్రాం వెళ్ళి చెప్పి వస్తుంది. దాన్ని కనెక్టర్ అంటాం. కనెక్టర్లన్నీ ఒకే అచ్చులో పోసినవి. ఎవరిదో వెతకడం, ఖాతా తెరవడం, మార్చడం, మూసేయడం, ఈ నాలుగే వాటికి తెలుసు. ఇప్పటికే ఉన్న పాత ఖాతాలు ఏవి ఎవరివో చూసి జతకలిపే భాగం నాది.

నాయనకు ఫోను చేస్తే గొర్రెల అరుపులే వినిపిస్తాయి. ఒకసారి కనుక్కో.

జ్యోతి


పెద్దదోర్నాల,
జులై 19.

కోడలు పిల్ల జ్యోతికి, అత్త దీవించి రాసేది.

నీ ఉత్తరం అందింది. రెండు సార్లు చదివితే సగం అర్థమైంది. మిగతా సగం ఫార్మసిస్టు సురేష్ చెప్పినాడు. అంటే ఇక మీదట నేను ఉన్నానో లేనో మార్కాపురంలో ఒక మిషను చెప్తుందన్న మాట. సరేలే, ఇన్నాళ్ళూ చెప్పినోళ్ళు మాత్రం ఏం ఉద్ధరించినారు.

మందుల బీరువాకు తాళం తీసేసి నంబర్లు నొక్కే పెట్టె బిగించినారు. ఎవరి నంబరు వాళ్ళకే. నాదీ, సురేష్‌దీ, సాయంత్రం డ్యూటీకి వచ్చే యేసుమణిదీ మాత్రమే. డాక్టర్లకు కూడా ఇవ్వలేదు. నంబరు కొడితే పచ్చ లైటు వచ్చి తలుపు తెరుచుకుంటుంది. మొదటి రోజు పిల్లకాయ మాదిరి నాలుగు సార్లు తెరిచి మూసినాను.

చిన్నలివేలు ఈ నెలాఖరుకు ఉద్యోగం మానేస్తా ఉంది. నాతో పాటు మన ఊరి బడిలో చదివిన బత్తుల అలివేలమ్మ. ఊళ్ళో నన్ను పెద్దలివేలు, ఆమెను చిన్నలివేలు అంటారు గదా, ఆమే. మా ట్రస్టుదే గిద్దలూరు ఆసుపత్రిలో చేస్తా ఉండె. మోకాళ్ళు అరిగిపోయినాయని ముండ్లమూరులో కూతురు దగ్గరికి పోతుంది.

మీ నాయన నిక్షేపంగా ఉన్నాడు. కొనకనమిట్ల పక్క చినుకు లేదని మందను తోలుకొని ఇటు అడివి వారకు వచ్చినాడు. వారానికి రెండు మూడు సార్లు మా ఇంటికి వచ్చి జొన్నరొట్టె తిని పోతాడు. "పిల్లకు ఏం పనో అది, ఎప్పుడు చూసినా మీటింగు అంటది" అంటాడు. నువ్వే చెప్పుకో ఆయనకు. నా వల్ల కాదు.

మీ అత్త


హైదరాబాదు,
ఆగస్టు 15.

అత్తకు,

మా సిస్టం ఒకటో తారీఖు నుంచి నడుస్తోంది. మూడు ఆసుపత్రులు, ఆరు వందల పైచిలుకు మంది, ఒక్క తప్పూ లేకుండా జతపడ్డారని మీ మార్కాపురం ఆఫీసు నుంచి మెచ్చుకుంటూ మెయిల్ వచ్చింది. రాజేష్ అందరికీ బిర్యానీ తెప్పించాడు. వచ్చే ఏడు నన్ను లీడర్‌ని చేస్తారట.

అది చెబుదామని వారం నుంచి నాయనకు ఫోను చేస్తున్నాను. స్విచాఫ్. నిన్ను అడిగితే "వాగులో పడేసుకున్నాడు, కొత్తది కొనాల" అన్నావు. సరే. కానీ నీ గొంతు ఎందుకో బాగాలేదు. సిస్టం ఎలా ఉందని అడిగితే "ఆఁ ఉందిలే" అని పెట్టేశావు. ఏం దాస్తున్నావో రాయి.

జ్యోతి


పెద్దదోర్నాల,
ఆగస్టు 24.

కోడలు పిల్లకు,

అడిగినావు కాబట్టి చెప్తాను. నా ఉద్యోగం పోయేటట్టు ఉంది.

ఒకటో తారీఖు పొద్దున నా నంబరు కొడితే బీరువా ఎర్ర లైటు వేసింది. హాజరు మిషన్‌లో వేలు పెడితే "ఈ పేరుతో ఎవరూ లేరు" అని వచ్చింది. మార్కాపురానికి ఫోను చేస్తే కొత్త సిస్టం, రెండు రోజుల్లో సర్దుకుంటుంది అన్నారు. సురేష్ గాని, యేసుమణి గాని తెరిచి ఇస్తుంటే పని జరుపుకుంటూ వచ్చినాను.

తొమ్మిదో తారీఖు మధ్యాహ్నం మూడున్నరకు ఒకాయనను మోటారు సైకిలు మీద ఇద్దరి మధ్యన కూర్చోబెట్టుకొని తెచ్చినారు. గొర్రెలు మేపుకునే మనిషి. పిక్క మీద రక్తపింజరి కాటు. చిగుళ్ళలో నుంచి నెత్తురు కారుతా ఉంది. డాక్టరు హరికృష్ణ గారు మాకు పొద్దుటి పూటే. ఆ వేళకు గిద్దలూరులో ఉన్నాడు. ఫోనులో ఆయన చెప్పినట్టు గాజు గొట్టంలో రక్తం తీసి ఇరవై నిమిషాలు పెట్టి చూసినాను. గడ్డ కట్టలేదు, నీళ్ళలాగే ఉంది. "విషానికి విరుగుడు మందు పది సీసాలు ఎక్కించి అంబులెన్సులో మార్కాపురం పంపించండమ్మా, ఆలస్యం చెయ్యొద్దు" అన్నాడు.

మందు నా కండ్ల ముందే ఉంది, గాజు తలుపు వెనకాల. నంబరు కొడితే ఎర్ర లైటు. మళ్ళీ కొడితే మళ్ళీ ఎర్ర లైటు. సురేష్ ఆ రోజు మార్కాపురంలో మీ కొత్త సిస్టం శిక్షణకు పోయినాడు. అక్కడ ఫోన్లు ఆపించినారంట. యేసుమణి ఐదు దాటితే గాని రాదు. ఆక్సిజన్ సిలిండరు తిప్పే పానా అందుకొని గాజు మీద కొట్టినాను. మొదటి దెబ్బకు పగల్లేదు. మూడో దెబ్బకు పగిలింది. చేతికి రెండు కుట్లు పడినాయి, అది పెద్ద లెక్క కాదు. ఆ మనిషి బతికినాడు. ఆరు రోజులు మార్కాపురంలో ఉంచి ఇంటికి పంపినారు. ఆ ఒక్క సంగతి తలుచుకుంటే నాకు ప్రాణం లేచి వస్తుంది.

నాలుగో రోజు మెమో వచ్చింది. "31-7న రాజీనామా చేసి వెళ్ళిన మీరు, 9-8న సంస్థ ఆవరణలో ప్రవేశించి మందుల బీరువా పగలగొట్టినందుకు" సంజాయిషీ ఇవ్వాలంట. పోలీసు కేసు కూడా పెట్టొచ్చంట. మార్కాపురం పోయి మేనేజరు గురవయ్య గారిని కలిసినాను. కొత్తగా వచ్చినాయన.

"సార్, ఆ రాజీనామా గిద్దలూరు అలివేలమ్మది. నేను దోర్నాల అలివేలమ్మను" అన్నాను.

"సిస్టంలో ఒక్క అలివేలమ్మే ఉందమ్మా. బత్తుల అలివేలమ్మ, పుట్టిన తేదీ ఒకటి ఏడు డెబ్బై రెండు. ఆమె మానేసింది" అన్నాడు.

"నా ఇంటిపేరూ, తేదీ కూడా అవే సార్" అన్నాను.

"అదే గదా నేను చెప్పేది" అన్నాడు.

ఎనుబోతు మీద వాన కురిసినట్టే. వచ్చే నెల పంతొమ్మిదిన విచారణ. అంత వరకు డ్యూటీకి రావద్దన్నారు. ఇరవై నాలుగేండ్లలో ఇట్ల ఇంట్లో కూర్చున్నది మీ అమ్మ పోయినప్పుడు ఒక్కసారే.

ఇది మీ సిస్టం సంగతి గదా జ్యోతీ, ఏందో నువ్వు కాస్త చూడు.

మీ అత్త


హైదరాబాదు,
ఆగస్టు 31.

గౌరవనీయులైన అత్త గారికి,

మీ ఉత్తరం అందింది. జరిగినదానికి చాలా బాధగా ఉంది. విషయం మా టీం పరిశీలిస్తోంది. ఏ కాగితం మీదా తొందరపడి సంతకం పెట్టవద్దు. ఇది సమాచారం ఎక్కించడంలో వచ్చిన పొరపాటు కావచ్చని ప్రాథమికంగా అనుకుంటున్నారు. పూర్తి వివరాలు తెలిశాక రాస్తాను. చేతి గాయం జాగ్రత్త.

ఇట్లు,
నాగజ్యోతి


పెద్దదోర్నాల,
సెప్టెంబరు 5.

నాగజ్యోతి గారికి,

గౌరవనీయురాలినా నేను? ముక్కు తుడిచిన అత్తను గారు అని పిలిచే కాలం వచ్చిందా నీకు? మెమో రాసిన గురవయ్యకూ నీకూ ఏం తేడా లేదు. ఆయన అచ్చు కొట్టించినాడు, నువ్వు చేత్తో రాసినావు.

నీ ఉత్తరం చదివి ఆ పూట అన్నం మానేసినాను. ఉద్యోగం పోతుందని ఏడవలేదు గాని, దీనికి మాత్రం ఏడుపు వచ్చింది. నీకు తెలిసిన సంగతి ఏదో ఉంది. హాస్టల్లో నాలుగో తరగతప్పుడు స్లేటు పగలగొట్టి "పలక పరిస్థితి బాగాలేదు" అని రాసినావు నాకు. అట్లే ఉంది ఇది.

ఇంకో సంగతి. నిన్న వాణి అని ఒక పిల్ల ఫోను చేసింది. మార్కాపురం ఆఫీసులో సిబ్బంది పేర్లు టైపు చేసే పిల్ల. కాంట్రాక్టు ఉద్యోగం, కడుపుతో ఉంది. "అత్తా, నేను తప్పు కొట్టినానని అంటా ఉండారు. హైదరాబాదు కంపెనీ వాళ్ళు అట్ల చెప్పినారంట. నేను కాగితంలో ఉండేదే కొట్టినాను" అని ఒకటే ఏడుపు. ఎవరిని అడిగినా నాకు తెలియదంటే నాకు తెలియదంటారు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో చేపలన్నీ మాయం. చివరికి అది ఎవరి నెత్తిన పడాల? ఆ పిల్ల నెత్తినా?

నా ఉద్యోగం పోతే పోనీ, గంజి తాగయినా బతుకుతాను. తెలిసింది తెలిసినట్టు రాయి.

మీ అత్త


హైదరాబాదు,
సెప్టెంబరు 9.

అత్తా,

చెబితే మానం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది అంటారే, ఈ పది రోజులూ నా పని అదే. చెప్పేస్తున్నాను. నీ నంబరు మూయించింది నేను. నేను రాసిన రూల్.

ఆగస్టు ఇరవై నాలుగున నువ్వు రాసిన ఉత్తరంలో ఆ పుట్టిన తేదీ చూడగానే నాకు అర్థమైపోయింది. పాత ఖాతాలు ఎవరివో జతకలిపే భాగం నాదని రాశాను కదా. సిబ్బంది నంబరుతో కలపాలి, అది మామూలు. కానీ గిద్దలూరు ఆసుపత్రి మీతో నిరుడే కలిసింది. వాళ్ళ నంబర్లూ ఒకటి నుంచే మొదలు, మీవీ ఒకటి నుంచే. అందుకని ఇంటిపేరు, పేరు, పుట్టిన తేదీ ఈ మూడూ కలిస్తే ఒకే మనిషి అని రాసేశాను. చిన్నలివేలు ఖాతా, నీ ఖాతా రెండూ తీసుకెళ్ళి ఒకే మనిషికి కట్టేసింది నా రూల్. జులై ముప్పై ఒకటిన ఆమె మానేసింది అని మార్కాపురంలో రాయగానే కనెక్టర్లు చెప్పిన పని చెప్పినట్టు చేశాయి. ఆ మనిషివి అన్నీ మూసేశాయి. ఆమెవీ, నీవీ.

మూడూ ఒకటే అయిన మనుషులు ఇద్దరు ఉండడం లక్షకు ఒక్కసారి అని పుస్తకాల్లో ఉంటుంది. ఆ పుస్తకాలు రాసినవాళ్ళకు మన బడి తెలియదు, అది వాళ్ళ తప్పు కాదు. నాకు తెలుసు కదా అత్తా. బడి తెరిచాక పిల్లల్ని వరసగా నిలబెట్టి, చెయ్యి తల మీదుగా తిప్పి చెవి అందుతుందో లేదో చూసి, ఏడాది ఊహించి, అందరికీ జులై ఒకటి అని రాసేవాడు హెడ్మాస్టరు. నా సర్టిఫికెట్టులో కూడా జులై ఒకటే. నేను పుట్టింది దీపావళికి ముందని నువ్వే చెప్పావు. ఊరంతా బత్తుల వాళ్ళే. ఆ ఊళ్ళో పుట్టి, ఆ తేదీతో చదువుకొని, ఉద్యోగం తెచ్చుకొని, ఆ రూల్ రాసేటప్పుడు ఒక్క క్షణం కూడా నాకు మన ఊరు గుర్తు రాలేదు. సిగ్గుగా ఉంది.

రాజేష్‌కు చెబితే "రికార్డు తప్పుగా ఎక్కించారని రాద్దాం, వాళ్ళ ఆపరేటర్ ఎవరో ఉంటారు, పెద్ద గొడవ కాదు" అన్నాడు. నేను ఊరుకున్నాను. ఆ రోజే నీకు ఆ గౌరవనీయులైన ఉత్తరం రాశాను. ఆ ఆపరేటర్‌కు వాణి అని పేరు ఉందని నీ ఉత్తరంతో తెలిసింది.

నిన్న పొద్దున నా పేరు పెట్టి, ఏం రాశానో, ఏం జరిగిందో, వాణి తప్పు ఏమీ లేదని, నువ్వు ఎప్పుడూ మానేయలేదని రెండు పేజీలు రాసి మా పెద్దాఫీసుకూ, మీ ట్రస్టు అధ్యక్షురాలికీ పంపాను. రాజేష్ మాట్లాడటం లేదు. నా ఉద్యోగం ఏమవుతుందో తెలియదు. కానీ పంపేశాక వెళ్ళి ఇడ్లీ తిన్నాను అత్తా, పది రోజుల తర్వాత రుచి తెలిసింది.

నీకు కోపం వస్తే తిట్టు. గారు అని మాత్రం రాయకు.

జ్యోతి


పెద్దదోర్నాల,
సెప్టెంబరు 21.

మా బంగారు కోడలికి,

విచారణ అయిపోయింది. ఉద్యోగం ఉంది. ముందు అది రాసేసినాను, ఇక నిదానంగా చదువుకో.

పంతొమ్మిదిన మార్కాపురం ఆఫీసులో పెద్ద బల్ల చుట్టూ కూర్చున్నారు. ట్రస్టు అధ్యక్షురాలు డాక్టరు సుచరితమ్మ, గురవయ్య గారు, ఇంకో నలుగురు. హరికృష్ణ గారు, యేసుమణి, సురేష్ నా తరఫున వచ్చినారు. వాణి కూడా ఒక మూలన కూర్చుంది. నేను ఉతికిన తెల్లచీర కట్టుకొని పోయినాను, ఏదయితే అది అవుతుందని.

ముండ్లమూరు నుంచి రెండు బస్సులు మారి చిన్నలివేలు వచ్చింది. నేను రమ్మనలేదు, యేసుమణి చెప్పిందంట. మెట్లు ఎక్కలేక కింద నుంచే కేకలు పెట్టింది. పైకి వచ్చి గురవయ్య గారి ముందర నిలబడి, "ఆమే నేనూ ఒకటే మనిషి అంటివంట గదా సార్. అట్లయితే నా మోకాళ్ళ నొప్పులు ఆమెకు ఏల లేవు? సగం ఆమెకు పంచండి, నాకు మేలు" అనింది. సుచరితమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునింది.

తర్వాత నీ రెండు పేజీలు చదివించినారు. ఒక పిల్ల తన తప్పు తనే చెప్పుకుంటా ఉంటే నాకు కండ్లలో నీళ్ళు తిరిగినాయి. సుచరితమ్మ అంతా విని, "ఈ గదిలో జులై ఒకటిన పుట్టినవాళ్ళు ఎవరు?" అని అడిగింది. నేను చెయ్యెత్తినాను. చిన్నలివేలు ఎత్తింది. సురేష్ ఎత్తినాడు. టీ తెచ్చిన మనిషి ట్రే బల్ల మీద పెట్టి ఎత్తినాడు. కొంచెం సేపు ఆగి గురవయ్య గారు కూడా ఎత్తినారు. పాపం, ఆయనది దర్శి పక్క పల్లెటూరంట. ఇక అప్పుడు అందరూ నవ్వినారు, ఆయనతో సహా.

మెమో వెనక్కి తీసుకున్నారు. వాణి జోలికి పోవద్దని రాసినారు. బీరువాకు పక్కన ఒక మామూలు తాళంచెవి సీలు వేసి పెడతారంట, ప్రాణాపాయం వస్తే సీలు తెంచి తెరిచేదానికి. బయటికి వచ్చేటప్పుడు గురవయ్య గారు, "అమ్మా, సిస్టం చెప్పిందని నమ్మినాను" అన్నాడు. "నన్ను చూసి కూడా నమ్మకపోతిరి గదా సార్" అన్నాను. పెద్దమనిషి గదా అని అంతటితో వదిలేసినాను.

నీ మీద కోపం రాలేదా అంటే వచ్చింది. నీ ఉత్తరం మూడు సార్లు చదివినాను. మొదటి సారి కోపం, రెండో సారి కొంచెం. మూడో సారికి లేచి పోయి అన్నం వండుకున్నాను. తప్పు చేసినావు, ఒప్పుకున్నావు. మా ఇంటి పిల్లవే.

ఇవాళ పొద్దున నంబరు కొట్టినాను. పచ్చ లైటు.

మీ అత్త


హైదరాబాదు,
అక్టోబరు 4.

అత్తకు,

నీ ఉత్తరం చదివి ఆఫీసు మెట్ల మీద కూర్చొని ఏడ్చాను. ఇది మంచి ఏడుపే, కంగారు పడకు. నన్ను తీసేయలేదు. లీడర్‌ని చేసే మాట మాత్రం ఎత్తడం లేదు. నాకేం బాధ లేదు.

రూల్ మార్చే పని నాకే ఇచ్చారు. పేరూ తేదీ కలిసిన ఖాతాలు ఒకటికి మించి కనబడితే ఇక మీదట కనెక్టర్ తనంతట తాను ఏదీ కట్టదు, ఏదీ మూయదు. ఆగుతుంది. ఆ మనుషులు తెలిసినవాళ్ళను అడుగుతుంది. వాళ్ళు చెప్పాకే కదులుతుంది. మీ ట్రస్టులో అలా ముప్పై ఎనిమిది మంది దగ్గర ఆగింది. వాణి ఒక్కొక్కరికీ ఫోను చేసి అడిగి సరిచేసింది. నాతో కూడా మాట్లాడింది. నేను క్షమించమంటే "అక్కా, మీరు రాయకపోయింటే నేను పోయేదాన్ని" అంది.

అత్తా, ఇప్పుడు నేనొకటి అడగాలి.

మీ ట్రస్టు వాళ్ళు విచారణ కాగితాలు మా కంపెనీకి పంపారు. తొమ్మిదో తారీఖు కేసు కాగితం అందులో ఉంది. రోగి పేరు బత్తుల యల్లయ్య. వయసు అరవై. వృత్తి గొర్రెల పెంపకం. స్వగ్రామం కొనకనమిట్ల మండలం. పుట్టిన తేదీ దగ్గర గీత గీసి ఉంది, తెలియదని.

మన ఊళ్ళో బత్తుల యల్లయ్యలు నాయనతో కలిపి నాకు తెలిసి ముగ్గురు. అరవై ఏళ్ళ వాళ్ళు ఇద్దరు. ఇద్దరికీ గొర్రెలున్నాయి. ఆగస్టు రెండో వారంలో నాయన ఫోను స్విచాఫ్‌లో ఉందని నాకు గుర్తుంది. అయినా పేరు కలిసిందని ఆ మనిషే అనుకోకూడదని నేనే రూల్ రాశాను. నాలుగు రోజుల నుంచి ఆ కాగితం ముందు పెట్టుకొని కూర్చున్నాను. నాయనను అడిగితే దాటేస్తాడు. తెలిసినవాళ్ళను అడగాలి కాబట్టి నిన్ను అడుగుతున్నాను.

ఆయన ఎవరు అత్తా?

జ్యోతి


పెద్దదోర్నాల,
అక్టోబరు 10.

జ్యోతమ్మకు,

మీ నాయనే.

ఇప్పుడు బాగున్నాడు, ముందు అది మనసుకు పట్టించుకో. ఈ ఉత్తరం రాస్తుంటే నా ఎదురుగా మంచం మీద కూర్చొని పిక్క గోక్కుంటా ఉన్నాడు. మచ్చ ఒక్కటి మిగిలింది. చెరువు కట్ట దిగేటప్పుడు కొంచెం కుంటుతాడు, డాక్టరు అది కూడా పోతుందన్నాడు. మంద మొత్తం క్షేమం.

బండి మీద నుంచి దించినప్పుడు తల వేలాడుతా ఉంది, ముఖం చూడలేదు. నేను చూసింది పంచె. నిరుడు నేను కొన్నదే. అయినా రక్తం తీసినాను, ఇరవై నిమిషాలు గోడ గడియారం చూస్తా కూర్చున్నాను. ఆ ఇరవై నిమిషాలు ఎట్ల గడిచినాయో నన్ను అడగొద్దు. ఇంకెవరైనా అయినా ఆ గాజు పగలగొట్టేదాన్నే, అది మాత్రం ఒట్టు. కాకపోతే ఇంకొక్క ఫోను చేసి చూసేదాన్నేమో.

నీకు చెప్పొద్దన్నది ఆయనే. "పిల్ల ఉద్యోగం వదిలిపెట్టి ఉరికి వస్తది, బాగైనాక చెప్దాం" అన్నాడు. అందుకని ఫోను వాగులో పడిందని అబద్ధం ఆడినాను. తర్వాత చెప్దామంటే, ఆ నంబరు మూయించింది నేనే అని నీ ఉత్తరం వచ్చింది. ఇక ఎట్ల చెప్పేది? జన్మలో చెప్పగూడదు అనుకున్నాను. విచారణలో కూడా ఆయన నా అన్న అని నోరు తెరవలేదు. అన్న కాబట్టి పగలగొట్టింది అంటారని ఒక భయం, నీకు తెలుస్తుందని ఇంకో భయం. మీ కాగితాలు నీ దాకా వస్తాయని నాకేం తెలుసు.

నువ్వు అడిగినావు కాబట్టి ఇక దాచేదానికి నా వల్ల కాలేదు. నిన్న సాయంత్రం నీ ఉత్తరాలన్నీ మీ నాయనకు చదివి వినిపించినాను, మొదటి దాని నుంచి. పెళ్ళి పిలుపుల మనిషి దగ్గర నుంచి జులై ఒకటి దాకా, నువ్వు రూల్ రాసింది, కనెక్టర్లు పోయి మూసింది, నా నంబరు ఎర్ర లైటు వేసింది, అన్నీ. ఆయనకు అర్థం కాని చోట ఆపి మళ్ళీ చెప్పించుకున్నాడు. చివరి దాకా విన్నాడు. పిల్ల మీద ఏమంటాడో అని ఉత్తరాలు మడుస్తా ఆయన ముఖం చూసినాను.

తర్వాత ఆయన అన్న మాట ఉన్నది ఉన్నట్టు రాస్తా ఉన్నాను.

"ఇన్నేండ్లుగా నా కూతురు హైదరాబాదులో ఏం పని చేస్తదో నాకు తెలీదమ్మే. ఎవరన్నా అడిగితే కంప్యూటరు అని చెప్పి తప్పించుకుంటా ఉంటి. ఇప్పుడు తెలిసింది. పెద్ద పనే. నిదానంగా చూసుకొని చెయ్యమని రాయి."

మీ అత్త